డేటాబేస్‌కి చేరకముందే క్యాష్ మర్చిపోయింది

మొదటి ఫిర్యాదు ఒక్క వాక్యం: “నిన్న పూర్తి చేసిన క్విజ్ ఇవాళ మళ్లీ చేయమంటోంది.” నెట్ సరిగా లేనప్పుడు సబ్మిట్ కొట్టి ఉంటారులే అనుకుని టికెట్ మూసేశాను. మూసింది నేనే, ముందే ఒప్పేసుకుంటున్నాను. తర్వాతి నాలుగు రోజుల్లో అలాంటివే ఇంకో పది వచ్చాయి. ఆ పదింట్లో ఒకటి మా టెస్టింగ్ టీమ్‌లో అమ్మాయిది. తన దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది, టైమ్ ఉంది, సర్వర్ నుంచి ఓకే వచ్చినట్టు రుజువూ ఉంది. ఇక నెట్ మీదకి నెట్టేయడానికి దారి లేదు.

మాది వీడియో పాఠాల యాప్. యూజర్ వీడియోలో ఎక్కడున్నాడో ప్లేయర్ 5 సెకన్లకోసారి సర్వర్‌కి చెప్తుంది. 10 నిమిషాల పాఠానికి 120 కబుర్లు. చివరిది తప్ప మిగతా 119 ఎవరికీ అక్కర్లేదు. ప్రతిదానికీ మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో ఒక అప్‌డేట్ కొట్టడం దండగ. అందుకే రైట్-బిహైండ్ పెట్టాం. రాయాల్సింది ముందు రెడిస్‌లో (డేటాని మెమరీలోనే ఉంచుకునే స్టోర్, అదే మా క్యాష్) రాసేసి, యూజర్‌కి ఓకే చెప్పేసి, మారిన కీ (అంటే రెడిస్‌లోని రికార్డు) పేరును ‘డర్టీ’ అనే సెట్‌లో వేస్తాం. వెనకాల ఒక వర్కర్ 30 సెకన్లకోసారి లేచి, ఆ సెట్‌లో పేర్లు తీసుకుని, ఒక్కోదాని విలువ రెడిస్‌లో చదివి, అన్నీ కలిపి డేటాబేస్‌లో రాస్తుంది. 120 రాతలు 20కి దిగాయి. మేం భుజాలు చరుచుకున్నాం.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వీడియో ఎక్కడ ఆపారన్నది అర నిమిషం అటూ ఇటూ అయితే ఎవరూ ఏడవరు. కొన్నాళ్లకి క్విజ్ మార్కులు కూడా అదే రికార్డులో చేర్చాం. ఎలాగూ ఒక హ్యాష్ (ఫీల్డులుండే రెడిస్ రికార్డు) ఉంది కదా, ఇంకో ఫీల్డేగా అని. పోయినా పర్వాలేదనుకున్న దాని పక్కన పోకూడనిదాన్ని కూర్చోబెట్టాం. దానికి ఒక మీటింగ్ కూడా జరగలేదు.

ఇక మెమరీ నిండినప్పుడు ఏం చేయాలన్న సంగతి. రెడిస్‌లో డిఫాల్ట్ సెట్టింగ్ నోఎవిక్షన్, అంటే హద్దు దాటితే కొత్త రాతలకి ఒప్పుకోదు. మేం దాన్ని ఆల్‌కీస్-ఎల్‌ఆర్‌యూకి మార్చాం. ఏ కీ అయినా సరే, చాలాసేపటి నుంచి ఎవరూ ముట్టుకోనిదాన్ని తీసి పారేయమని దాని అర్థం. క్యాష్‌కి చాలామంది పెట్టేది అదే.

ఆ రోజుల్లోనే ఒకరు అడిగారు, ఇంకా డేటాబేస్‌కి చేరని కీనే తీసేస్తే ఏంటి పరిస్థితి అని. నేను చెప్పిన జవాబు ఇప్పటికీ వినడానికి బాగానే ఉంటుంది. డర్టీ కీ అంటే ఇప్పుడిప్పుడే రాసిన కీ. ఎల్‌ఆర్‌యూ తీసేది పాతవాటిని. అర నిమిషం కిందటి కీ దాకా రావాలంటే ముందు గంటల కిందటివన్నీ పోవాలి. ఈలోగా వర్కర్ రాసేసి ఉంటుంది.

ఈ జవాబులో రెండు లెక్కలు దాక్కుని ఉన్నాయి. ఎవరూ ముట్టుకోని కీ క్యాష్‌లో ఎంతసేపు బతుకుతుంది అన్నది ఒకటి. రాసింది డేటాబేస్‌కి చేరడానికి ఎంతసేపు పడుతుంది అన్నది రెండోది. మొదటిది ఎక్కువగా, రెండోది తక్కువగా ఉన్నంతకాలం నా జవాబు కరెక్టే. కాకపోతే ఆ రెండింటినీ మేం ఎప్పుడూ కొలవలేదు. ‘గంటలు’, ‘అర నిమిషం’ అన్నవి నోటి లెక్కలు.

టెస్టింగ్ అమ్మాయి అకౌంట్ పట్టుకుని లాగులన్నీ ఒకచోట పేర్చాను. రాత్రి 9:41:07కి క్విజ్ సబ్మిట్, 8 మార్కులు, రెడిస్ ఓకే అంది, డర్టీ సెట్‌లో పేరు పడింది. 9:41:20కి యాప్ మూసేసింది. 9:58:44కి వర్కర్ ఆ పేరు తీసుకుని రెడిస్‌ని అడిగింది. జవాబు నిల్, అంటే అలాంటి కీయే లేదని. పొద్దున 7:12కి ఆమె యాప్ తెరిచింది. క్యాష్‌లో లేదు కాబట్టి డేటాబేస్‌లోంచి పాత రికార్డు వచ్చింది, అదే మళ్లీ క్యాష్‌లో కూర్చుంది. ఎక్కడా ఎర్రర్ లేదు. పలక మీద రాసింది పుస్తకంలోకి ఎక్కించకముందే ఎవరో తుడిచేశారు, పుస్తకం చూస్తే చక్కగా, కొట్టివేత ఒక్కటీ లేకుండా ఉంది.

వర్కర్ కోడ్ తెరిచాను. విలువ నిల్ అయితే కంటిన్యూ. పక్కనే కామెంట్: ‘కీ లేదు, వదిలేయ్’. ఆ లైను ఎవరు రాశారో చూద్దామని గిట్ బ్లేమ్ కొడితే నా పేరే. రాసినప్పుడు నేననుకున్నది, యూజర్ అకౌంట్ డిలీట్ చేస్తే కీ ఉండదు, అప్పుడు వర్కర్ పడిపోకూడదు అని. మంచి ఉద్దేశమే. ఆ ఒక్క లైను లేకపోతే మొదటి రోజే వర్కర్ గోల పెట్టేది.

ఎవిక్ట్ అయిన (చోటు కోసం రెడిస్ తీసి పారేసిన) కీల గ్రాఫ్ మా డాష్‌బోర్డులో మొదటి నుంచీ ఉంది. అది పెరుగుతుంటే ఎవరూ పట్టించుకోలేదు, క్యాష్ అన్నాక ఎవిక్షన్ ఉంటుందిగా అని. ఆ రాత్రి 9:30 దగ్గర అది నిలువుగా లేచింది. అదే టైముకి కొత్తగా మొదలైన పని ఒకటుంది. ప్రతి యూజర్ ప్రగతినీ ఒక రిపోర్టుగా తయారుచేసే జాబ్. అది రికార్డులు చదవడానికి యాప్ వాడే ఫంక్షన్‌నే వాడింది. ముందు క్యాష్ చూడు, లేకపోతే డేటాబేస్‌లోంచి తెచ్చి క్యాష్‌లో పెట్టు. నెలల తరబడి యాప్ ముఖం చూడని యూజర్ల రికార్డులు కూడా లక్షల్లో వచ్చి క్యాష్‌లో కూర్చున్నాయి. ఒక్కోటి లోపలికి వస్తుంటే ఒక్కోటి బయటికి పోవాలి. గంటలు బతకాల్సిన కీ నిమిషాలు కూడా బతకలేదు. మరోపక్క క్యాష్‌లో దొరకని ఆ రికార్డుల భారమంతా డేటాబేస్ మీదే పడింది కాబట్టి డేటాబేస్ నెమ్మదించింది, దాంతో వర్కర్ వెనకబడింది. 30 సెకన్ల ఆలస్యం 17 నిమిషాలు దాటింది.

నాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఇదే. ఆ రెండు లెక్కలూ వేటికవే విడిగా మారతాయని అనుకున్నాం. కానీ లోడ్ వచ్చిందంటే క్యాష్ ఆయుష్షు తగ్గించేదీ, రాత ఆలస్యాన్ని పెంచేదీ అదే లోడ్. రెండూ ఎదురెదురుగా పరిగెత్తుకొచ్చి ఒకచోట దాటుకుంటాయి. దాటుకున్న క్షణం నుంచి రాసింది రాసినట్టే పోతుంటుంది.

ఈ సంగతి టీమ్‌లో చెప్తే మా జూనియర్ కుర్రాడు అన్నాడు, “ఏఓఎఫ్ ఆన్‌లోనే ఉందిగా అన్నా, డేటా ఎక్కడికి పోతుంది?” అడగాల్సిన ప్రశ్నే. ఏఓఎఫ్ అంటే రెడిస్ తాను చేసిన ప్రతి మార్పునూ ఫైల్లో వరసగా రాసుకోవడం. మేం సెకనుకోసారి డిస్క్‌కి పంపేలా పెట్టుకున్నాం. రెడిస్ పడిపోయి లేస్తే అది కాపాడుతుంది. కానీ ఎవిక్షన్ కూడా రెడిస్ దృష్టిలో ఒక మార్పే. కీని తీసేసినప్పుడు ఏఓఎఫ్‌లో డెల్ అని రాసుకుంటుంది, రెప్లికాలకీ (కాపీ సర్వర్లకి) అదే డెల్ పంపుతుంది. అంటే మా మార్కులు పోయిన సంగతిని కూడా ఎంతో నమ్మకంగా అన్ని చోట్లా నమోదు చేసింది.

ఎవిక్ట్ అయ్యేటప్పుడు మనకి చెప్పమంటే చెప్తుంది కదా, అప్పుడు డేటాబేస్‌లో రాసేద్దాం అన్నది తర్వాతి ఐడియా. రెడిస్‌లో కీస్పేస్ నోటిఫికేషన్లు ఉన్నాయి, నిజమే. టెస్ట్ మెషీన్‌లో మెమరీ హద్దు బాగా తగ్గించి చూశాం. కబురు వస్తుంది, కానీ కీ పోయాక వస్తుంది. అందులో కీ పేరే ఉంటుంది, విలువ ఉండదు. పైగా అది పబ్-సబ్ మీద వచ్చే కబురు, ఆ క్షణంలో మనం కనెక్ట్ అయి లేకపోతే ఇక రాదు. ఇల్లు కాలిపోయాక అడ్రస్ చెప్పినట్టు.

ఇదే జావాలో కెఫీన్ అనే క్యాష్ లైబ్రరీతో అయితే కొంచెం నయం. అందులో రిమూవల్ లిజనర్ ఒకటి, ఎవిక్షన్ లిజనర్ ఒకటి. మొదటిది తీసేశాక వేరే థ్రెడ్‌లో తీరిగ్గా నడుస్తుంది. రెండోది తీసేసే పనిలో భాగంగా అక్కడికక్కడే నడుస్తుంది, విలువ కూడా చేతికిస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకోటి వాడితే మాత్రం మళ్లీ మా కథే.

ఆ వారం హడావుడిగా ఒక మందు వేశాం, అది జబ్బు కంటే ఎక్కువైంది. వర్కర్ విలువ కోసం క్యాష్‌ని నమ్ముకోవడం వల్లే కదా ఇదంతా అని, కీ పేరుకి బదులు మొత్తం విలువనే క్యూలో వేయడం మొదలుపెట్టాం. (క్యూ వేరే రెడిస్‌లో పెట్టాం. ఆల్‌కీస్ పాలసీ ఉన్నచోట పెడితే క్యూ కూడా ఒక కీయే, దాన్నీ తీసేయొచ్చు. మా డర్టీ సెట్ అన్నాళ్లూ అలాగే గాల్లో దీపంలా ఉంది, తరచూ ముట్టుకోవడం వల్ల బతికింది.) ఇప్పుడు ఎవిక్షన్ వల్ల ఏదీ పోదు, నిజం. కానీ చదివేవాళ్ల సంగతి?

యూజర్ క్విజ్ 3 పూర్తి చేశాడు. విలువ క్యూలో భద్రంగా ఉంది. క్యాష్‌లోంచి కీ పోయింది. వర్కర్ ఇంకా అక్కడికి రాలేదు. అతను క్విజ్ 4 తెరిచాడు. క్యాష్‌లో లేదు, డేటాబేస్‌లో ఉన్నది క్విజ్ 2 దాకానే. ఆ పాత రికార్డు క్యాష్‌లోకి వచ్చింది. దాని మీద క్విజ్ 4 మార్కులు కలిపి, మొత్తం రికార్డు మళ్లీ క్యూలోకి. వర్కర్ వరస తప్పకుండా ముందు 3 ఉన్న రికార్డు రాసింది, తర్వాత 3 లేని రికార్డు దాని మీద రాసింది. ఏ రాతా పోలేదు, అన్నీ డేటాబేస్‌కి చేరాయి, మార్కులు మాత్రం లేవు. ముందుదైతే కనీసం నిల్ అని ఒక ఆనవాలు వదిలింది. దీంట్లో అదీ లేదు. రెండు రోజుల్లో వెనక్కి తీసేశాం.

అప్పుడు బుర్రకెక్కింది. డేటాబేస్‌కి చేరేదాకా క్యాష్‌లో ఉన్నది కాపీ కాదు, అదే అసలు. అసలుని తీసేసే హక్కు ఎల్‌ఆర్‌యూకి ఇవ్వకూడదు. తీస్తే రాయడం ఒక్కటే కాదు, చదవడం కూడా చెడుతుంది.

రెడిస్‌లో ఈ తేడా చెప్పడానికి డర్టీ బిట్ (ఇంకా కిందికి రాయలేదన్న గుర్తు) లాంటిదేమీ లేదు. ఉన్నవాటితోనే కట్టాం. పాలసీని వోలటైల్-ఎల్‌ఆర్‌యూకి మార్చాం. ఇది టీటీఎల్ (ఇంతసేపటికి దానంతటదే పోవాలన్న గడువు) ఉన్న కీల జోలికే పోతుంది. కాబట్టి రూలు ఇది: డేటాబేస్‌కి చేరిన కీకి గంట టీటీఎల్ ఉంటుంది, చేరని కీకి అసలు ఉండదు. వైట్‌బోర్డు మీద అయిదు నిమిషాల పని. కోడ్‌లో రెండు గుంటలు తగిలాయి.

మొదటి గుంట: సెట్ కమాండ్‌తో రాస్తే పాత టీటీఎల్ పోతుంది, హెచ్‌సెట్‌తో హ్యాష్‌లో ఒక ఫీల్డ్ మారిస్తే పోదు. మేం వాడేది హెచ్‌సెట్. అంటే టీటీఎల్ ఉన్న కీ మీద కొత్త మార్కులు రాస్తే, కీ డర్టీ అయింది గానీ గడియారం తిరుగుతూనే ఉంది. మెమరీ ఖాళీగా ఉన్నా సరే, టైమ్ అయిపోగానే పోతుంది. హెచ్‌సెట్ తర్వాత పర్సిస్ట్ (టీటీఎల్ తీసేసే కమాండ్) కూడా కొట్టాలి. ఇది డిప్లాయ్‌కి ముందే దొరికింది, దేవుడి దయ.

రెండోది డిప్లాయ్ అయ్యాక దొరికింది. వర్కర్ వెర్షన్ 5ని చదివింది. దాన్ని డేటాబేస్‌లో రాస్తుండగా యూజర్ వెర్షన్ 6 రాశాడు, పర్సిస్ట్ కొట్టాం. వర్కర్ పని ముగించుకుని వచ్చి, హమ్మయ్య రాసేశాను అని కీకి గంట టీటీఎల్ పెట్టి, డర్టీ లిస్టులోంచి పేరు తీసేసింది. తను రాసింది 5, క్లీన్ అని ముద్ర వేసింది 6కి. ఇక 6ని ఎవరూ డేటాబేస్‌కి పంపరు, గంట తిరిగేలోపు పోతుంది. దీనికి రెడిస్ లోపలే నడిచే చిన్న లూవా స్క్రిప్ట్ రాశాం: వెర్షన్ ఇంకా నేను చదివిందే అయితేనే టీటీఎల్ పెట్టి, లిస్టులోంచి తీసేయ్, మారి ఉంటే ఏమీ చేయకుండా వెళ్లిపో. స్క్రిప్ట్ నడుస్తున్నంతసేపూ రెడిస్ మధ్యలో ఇంకో కమాండ్‌ని దూరనివ్వదు కాబట్టి సరిపోయింది. రాసేవైపు కూడా హెచ్‌సెట్, పర్సిస్ట్, లిస్టులో చేర్చడం మూడూ ఒకే స్క్రిప్ట్‌లో పెట్టాం.

రెండు వారాలు ప్రశాంతం. తర్వాత ఒక రాత్రి పేజర్ మోగింది. రాతలన్నీ ఓఓఎమ్ (మెమరీ నిండిపోయింది) ఎర్రర్‌తో వెనక్కి వస్తున్నాయి. డేటాబేస్‌లో ఒక పెద్ద టేబుల్ మీద ఏదో మార్పు నడుస్తోంది, వర్కర్ వెనకబడింది, డర్టీ కీలు పేరుకుపోయాయి. టీటీఎల్ ఉన్న కీలన్నీ అయిపోయాక వోలటైల్ పాలసీకి తీయడానికి ఏమీ మిగలదు, అప్పుడది నోఎవిక్షన్ లాగే ప్రవర్తిస్తుంది. మా మేనేజర్ టెన్షన్‌తో అడిగారు, “పాతదే నయం కదా, కనీసం యాప్ నడిచేది?” నడిచేది సర్, మార్కులు పారబోసుకుంటూ నడిచేది అన్నాను. కొంచెం దురుసుగానే అన్నాను. ఆ ఎర్రర్ చూసి నాకు నిజానికి ధైర్యం వచ్చింది. ఇన్నాళ్లూ ఇదే పరిస్థితి వచ్చినప్పుడు చప్పుడు లేకుండా జరిగిందేమిటో ఇప్పుడు తెలుస్తోంది.

అలాగని యూజర్ల ముఖం మీద ఎర్రర్ కొట్టలేం. ఆ సమయంలోనే మిగతావాళ్లు ఏం చేస్తారో కూర్చుని చదివాను. నిజానికి అన్నిటికంటే ముందు చదవాల్సింది. ప్రాసెసర్‌లోని రైట్-బ్యాక్ క్యాష్‌లో ప్రతి లైనుకీ డర్టీ బిట్ ఉంటుంది, అది వెలిగి ఉన్న లైనుని కింది మెమరీకి పంపకుండా తీసేయరు. లినక్స్ పేజ్ క్యాష్‌లోనూ అంతే, డర్టీ పేజీ డిస్క్‌కి వెళ్లాకే ఖాళీ అవుతుంది. పైగా అక్కడ రెండు గీతలున్నాయి. డిఫాల్ట్‌గా, వాడుకోగల మెమరీలో డర్టీ పేజీలు 10 శాతం దాటితే వెనకాల రాయడం మొదలుపెడుతుంది, 20 శాతానికి చేరేసరికి రాస్తున్న ప్రాసెస్‌నే నిలబెట్టేస్తుంది. మైఎస్‌క్యూఎల్ లోపలి స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ సంగతి ఇంకా పక్కా. దాని మెమరీ క్యాష్ అయిన బఫర్ పూల్‌లో పేజీ ఎంత ఆలస్యంగా డిస్క్‌కి వెళ్లినా, మార్పు అప్పటికే రీడూ లాగ్‌లో (మార్పులని ముందే రాసుకునే ఫైల్లో) ఉంటుంది. మా రిపోర్టు జాబ్ లాగా ఒక్కసారిగా వరదలా చదివేవాటికి కూడా మందుంది దాంట్లో. కొత్తగా చదివిన పేజీ ఎల్‌ఆర్‌యూ లిస్టు మొదట్లో కాకుండా, చివరి నుంచి 3/8 వంతు దగ్గర చేరుతుంది. మళ్లీ ఎవరైనా ముట్టుకుంటేనే పైకి వెళ్తుంది. మేం క్యాష్ పెట్టింది ఆ డేటాబేస్ ముందే. వెనకాల అంత జాగ్రత్తగా చేస్తున్న పనిని ముందు గదిలో మేం చేతికొచ్చినట్టు చేశాం.

లినక్స్ రెండు గీతలని కాపీ కొట్టాం. డర్టీ కీల సంఖ్య మొదటి గీత దాటితే వర్కర్లు పెరుగుతాయి. రెండోది దాటితే వీడియో పొజిషన్ కబుర్లని సర్వర్ తీసుకోదు, కాసేపాగి చెప్పమంటుంది. ప్లేయర్ ఆఖరి పొజిషన్ తన దగ్గరే ఉంచుకుని తర్వాత పంపుతుంది. క్విజ్ మార్కులని రైట్-బిహైండ్ నుంచి మొత్తానికే బయటికి తీసి వేరే రికార్డుగా చేశాం: ముందు డేటాబేస్‌లో రాయి, అది ఓకే అన్నాక క్యాష్‌లో కీ తీసేయ్, తర్వాత యూజర్‌కి చెప్పు. ఒక యూజర్ రోజుకి ఎన్ని క్విజ్‌లు చేస్తాడు? దాన్ని ఆలస్యం చేసి మేం మిగుల్చుకున్నదేమీ లేదు. రిపోర్టు జాబ్ ఇప్పుడు క్యాష్ వైపు రాదు, నేరుగా రెప్లికా డేటాబేస్‌లో చదువుకుంటుంది.

డర్టీ సెట్ స్థానంలో సార్టెడ్ సెట్ (స్కోరు వరసలో ఉండే సెట్) పెట్టాం, స్కోరుగా ఆ కీ మొదట డర్టీ అయిన టైమ్. మొదటి ఎంట్రీ చూస్తే చాలు, అన్నిటికంటే పాత రాత ఎంతసేపటి నుంచి ఆగి ఉందో తెలిసిపోతుంది. క్యాష్ ఆయుష్షు కోసం అప్పుడప్పుడు కొన్ని కీలు తీసి ఆబ్జెక్ట్ ఐడిల్‌టైమ్ అడుగుతాం. బతికి ఉన్నవాటిలో ఎక్కువసేపు ముట్టకుండా ఉన్నది ఎంత అన్నది దాదాపుగా తెలుస్తుంది. రెండూ ఒకే గ్రాఫ్‌లో రెండు గీతలు. డర్టీ కీలని ఎవరూ తీయరు కాబట్టి ఇప్పుడు అవి దాటుకున్నా డేటా పోదు, కానీ దగ్గరపడుతుంటే ఓఓఎమ్ దారిలో ఉందని అర్థం.

పోయిన మార్కులు? అదృష్టం కొద్దీ క్విజ్ సబ్మిట్ అయిన ప్రతిసారీ అనలిటిక్స్‌కి ఒక ఈవెంట్ వెళ్తుంది, అందులో మార్కులూ ఉన్నాయి. వాటిని డేటాబేస్‌తో పోల్చి, లేనివి ఎక్కించాం. నేను మూసేసిన ఆ మొదటి టికెట్ మళ్లీ తెరిచి క్షమాపణ రాశాను. అప్పటికి ఆ యూజర్ ఆ క్విజ్ మళ్లీ చేసేశాడు, ఈసారి మార్కులు ఎక్కువొచ్చాయట, పాతవి వద్దన్నాడు.

వర్కర్‌లో ఆ ‘వదిలేయ్’ లైను ఇప్పుడు లేదు. నిల్ వస్తే అలారం మోగుతుంది. ఇప్పటిదాకా ఒక్కసారి మోగింది, తెల్లవారుజామున నాలుగింటికి. అందరం లేచి చూస్తే, మా జూనియర్ ఏదో టెస్ట్ చేస్తూ ప్రొడక్షన్ అని గమనించకుండా చేత్తో డిలీట్ చేసిన కీ.